బీరువాలో చెప్పిన గొప్పలు

గదిలో ఉన్నవాళ్ళు: చీరతో కట్టిన ఉయ్యాలలో ఫణి కూతురు, ఉయ్యాల తాడు పట్టుకుని నా స్నేహితుడు ఫణి, గోడకి ఆనుకుని కూర్చున్న అతని భార్య లత, మంచం మీద అతని నాయనమ్మ, మేమందరం మామ్మ అని పిలిచే ఆవిడ, గుమ్మం పక్క పేము కుర్చీలో అతని తండ్రి, రిటైరైన లెక్కల మాష్టారు, ఆయనకి ఎదురుగా ప్లాస్టిక్ స్టూలు మీద నేను. ఫణి వాళ్ళమ్మగారు వంటింట్లో ఉన్నారు కాబట్టి ఈ లెక్కలోకి రారు, ఆవిడ కాచే పాల వాసన మాత్రం వస్తుంది. ఉన్న వస్తువులు: తిరగని పాత ఫ్యాను, దాని పక్కనే గోడకి బిగించిన కొత్త ఏసీ, పాలసీసా, కాటుక బరిణె, నేను తెచ్చిన రసాల బుట్ట, మూలన ఆకుపచ్చ రంగు ఇనప బీరువా. లతకి అది బట్టలు పెట్టుకునే బీరువా. ఫణికీ నాకూ అది ఒకప్పటి స్టూడియో.

మామ్మ బరిణెలో వేలు ముంచి పసిపిల్ల బుగ్గ మీద దిష్టి చుక్క పెట్టింది. వేలు వణికి చుక్క గుండ్రంగా రాలేదు, చింతగింజలా సాగింది. బుగ్గంతా పులిమేశావని ఫణి అన్నాడు. ఈ కాకిపిల్లకి ఎంత పెడితే ఏంటిలే అంటూ ఆవిడ వేలు తలకి తుడుచుకుని, తృప్తిగా నవ్వుకుంది. ఆ ఇంట్లో పిల్ల బాగుందన్న మాట ఎవరి నోటా వినపడదు. కంకిపాడులో ఆ ఇంటికి నేను వెళ్ళడం మొదలుపెట్టిన రోజుల నుంచీ అంతే. అలాంటి ఇంట్లో కూర్చుని మేం లోకంలో మమ్మల్ని మించినవాళ్ళు లేరని పాటలు కట్టాం.

అప్పుడు ముగ్గురం. ఫణి రాసి పాడేవాడు. ఇమ్రాన్ ఫోనులో దరువులు కట్టేవాడు. వాళ్ళ నాన్నగారు ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేసేవారు కాబట్టి రేకు మీద సుత్తి దెబ్బ, రివెట్ బిగించే చప్పుడు, గ్యాస్ కట్టర్ బుసకొట్టడం, అన్నీ రికార్డు చేసుకొచ్చి దరువులో కలిపేవాడు. నేను ఇంజినీరింగులో ఎలక్ట్రానిక్స్, స్వభావం చేత జాబితాల మనిషిని, అందుకని రికార్డింగూ, తప్పులు పట్టడమూ నా పని. విజయవాడలో మా ఇల్లు రైల్వే లైను పక్కన ఉండేది, అక్కడ మూడు నిమిషాల నిశ్శబ్దం దొరకదు. ఇమ్రాన్ వాళ్ళ ఇల్లు షెడ్డు వెనకే. ఫణి ఇంటి వెనక వరిచేలు. అందుకని సెలవు దొరికితే బందరు రోడ్డు బస్సెక్కి కంకిపాడులో దిగేవాళ్ళం.

ఆ బస్సులోనే ఒక ఇయర్‌ఫోను జత ముగ్గురం మార్చుకుంటూ అమెరికా హిప్‌హాప్ వినేవాళ్ళం. సగం మాటలు అర్థమయ్యేవి కావు. నేను ఒక్కొక్క మాటా ఇంటర్నెట్లో వెతికి అర్థం చెప్పేవాణ్ణి. వెతికినకొద్దీ తెలిసిందేమిటంటే, ఆ పాటల్లో మనిషి తన గొప్ప తానే చెప్పుకుంటాడు, ఆ గొప్పని ఏవేవో గుర్తులకి కట్టి చెబుతాడు. తను పెరిగిన వీధి, వేసుకున్న బూట్లు, బంతాట ఆడే ఫలానా వీరుడు, వాళ్ళమ్మ వండే కూర, చలికాలం హీటరు లేని గది. ఆ గుర్తు తెలిసినవాడికి ఒళ్ళు పులకరిస్తుంది, తెలియనివాడికి అది వట్టి శబ్దం. సర్క్యూట్ బొమ్మలో గుర్తులూ అంతే, గీసినవాడికీ చదివేవాడికీ ఇద్దరికీ తెలిస్తేనే కరెంటు పారుతుంది. ఇంత తెలిసీ మొదట్లో మేం చేసిన పని, వాళ్ళ గుర్తుల్ని ఎత్తుకొచ్చి తెలుగులో పెట్టుకోవడం.

రికార్డింగుకి బీరువాని కనిపెట్టింది నేనే. గదిలో పాడితే గోడలకి కొట్టుకుని గొంతు తిరిగొచ్చేది. బీరువా తలుపులు తీసి, మధ్య అరలో ఫోను పెట్టి, తల లోపలికి దూర్చి పాడితే ప్రతిధ్వని ఉండదు, మడతపెట్టిన చీరలు పీల్చేసుకుంటాయి. ఇందులోనూ తేడాలున్నాయి. గంజి పెట్టిన మంగళగిరి నేత చీరలు ఊపిరి తగిలితే గరగరలాడతాయి, అవి కింది అరలోకి. పట్టుచీరలు మౌనంగా ఉంటాయి, అవి ఫోను చుట్టూ. మధ్యాహ్నం భోజనాలయి మామ్మ కునుకు తీసే వేళ మాకు దొరికేది. ఫ్యాను చప్పుడు పడుతుందని ఆపేసేవాళ్ళం. కలరా ఉండల వాసన, చీరల్లో దాచిన గంధపు చెక్క వాసన, పక్క గదిలోంచి ఆవకాయ జాడీల ఘాటు. వెన్ను మీద చెమట కాలవలు కడుతుంటే ఫణి లోపల తల పెట్టి పాడిన మొదటి పాటలో, మంచు కురిసే రాత్రి వీధి మూల కోటు వేసుకుని నిలబడ్డ మొనగాడు ఒకడున్నాడు. అతని కారు చూసి ఊరు ఊరంతా పక్కకి జరుగుతుంది.

మామ్మకి ఆ రోజు నిద్ర పట్టలేదు. గుమ్మంలోకి వచ్చి నిలబడి, బీరువాలో తల ఉన్న మనవణ్ణి చాలాసేపు చూసింది.

"ఎవర్ని తిడుతున్నావురా అంతలా?"

"తిట్టట్లేదు మామ్మా, పొగుడుకుంటున్నా."

"నిన్ను నువ్వే? పొగడ్డానికి ఊళ్ళో ఎవరూ దొరకలేదా?" అని ఆవిడ నా వైపు తిరిగింది. "కోటేసుకుని నిలబడింది ఏ వీధిలోరా? మన వీధిలో కోటేసుకునేది పెళ్ళికొడుకొక్కడే. వాడికీ చెమటలే."

ఇమ్రాన్ నేల మీద పడి నవ్వాడు. ఆ నవ్వు కూడా రికార్డయింది, పాట చివర అలాగే ఉంచేశాం. మొత్తం పాటలో బాగున్నది అదొక్కటే.

ఆ ఇంటి పద్ధతి కొంచెం చెప్పాలి. మామ్మ ఆవకాయకి కంకిపాడు చుట్టుపక్కల పేరుంది. ఎవరైనా అడిగితే ఈ ఏడు కుదర్లేదండీ, కాయ మంచిది కాదు అని ముందే అనేసేది. అడిగినవాళ్ళు నొచ్చుకుని, అయ్యో ఎంత బాగుందో అనేవాళ్ళు. అప్పుడావిడ ఇంకో గరిటె వడ్డించేది. మాష్టారు ఆవిడ కొడుకే. సాయంత్రం స్కూలు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అరుగు మీద ఎర్ర పెన్నుతో పేపర్లు దిద్దుకునేవారు. ఆయన చేతిలో ఎవరికీ నూటికి నూరు రాలేదు. లెక్కలన్నీ సరిగ్గా చేసినవాడికి తొంభై తొమ్మిది. ఆ ఒక్కటీ ఎక్కడ పోయిందని తల్లిదండ్రులు వచ్చి అడిగితే, ఉండాల్లెండి అని ఊరుకునేవారు. వాడికి చిన్నప్పుడు నేను బుగ్గన చుక్క పెట్టాను, వాడు పిల్లకాయలందరికీ పెడుతున్నాడు అనేది మామ్మ. కొడుకు గురించి ఎవరడిగినా మాష్టారి జవాబు ఒకటే: పర్లేదండి, ఏదో పాసవుతున్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు. ఆయన జీవితంలో చెప్పుకున్న గొప్ప అదొక్కటే అని నాకు అప్పుడే అనిపించేది.

ఆ పాసవడం నిజం కాదు. ఫణికి నాలుగు సబ్జెక్టులు పోయాయి. ఇంకొకటి పోతే ఏడాది నిలిపేస్తారు. ఈ సంగతి ఇమ్రాన్‌కీ నాకూ తెలుసు. ఫలితాలు ఫోనులో వస్తాయి, మాష్టారు కొడుకు ఫోను చూడరు. చెప్పరా అని నేను రెండు మూడుసార్లు అన్నాను. ఆయన అడిగితే చెప్పేసేవాణ్ణిరా, అడగరు, అదే బాధ అన్నాడు ఫణి. పోయిన పేపర్లలో ఒకటి లెక్కలు.

మొదటి పాట అయిన మర్నాటికి ఫణి గొంతు పట్టేసింది. మాట బొంగురుపోయి గాలి మాత్రమే వస్తోంది. మామ్మకి కారణం వెతకాల్సిన అవసరమే లేకపోయింది. గుప్పెడు ఉప్పు, ఎండు మిరపకాయలు అతని చుట్టూ తిప్పి, తర్వాత ఒక్క క్షణం ఆలోచించి, బీరువా చుట్టూ కూడా తిప్పి, పెరట్లో నిప్పుల మీద వేసింది. ఆ ఘాటు ఇల్లంతా కమ్మింది. ఇమ్రాన్ దగ్గుతూనే ఆ మిరపకాయల చిటపట రికార్డు చేసుకున్నాడు. పొగ తగ్గాక ఆవిడ మమ్మల్ని ముగ్గుర్నీ మంచం ముందు కూర్చోబెట్టింది. పాడొద్దంటుందేమో అనుకున్నాం.

"కొత్తిల్లు కడితే గుమ్మడికాయ కడతారు. పంటకి దిష్టిబొమ్మ పెడతారు. పిల్లకి చుక్క పెడతారు. నీ పాటకేం పెట్టావురా?"

ఫణి గొంతు లేక చేతులు తిప్పాడు. ఆవిడ తీర్పు ఏమిటంటే, గొప్పలు ఎన్నైనా చెప్పుకోవచ్చు, మధ్యలో ఒక్క మాట మాత్రం లోటు చెప్పాలి. మాకు హిప్‌హాప్‌లో పద్దెమంటే పదహారు లైన్లు. అంటే పదిహేను గొప్పలకి ఒక చుక్క. ఆవిడని నవ్వించడానికి మేం దానికి ఒప్పుకున్నాం. కానీ ఆ సెలవుల్లో మా పాట మారిపోయింది దానివల్లే.

మొదట గొప్పలు మారాయి. లోటు నిజంగా మనదే అవాల్సి వచ్చేసరికి, దాని పక్కన మంచూ కోటూ నిలబడలేకపోయాయి. నేను గుర్తుల జాబితా కొత్తగా వేశాను: ఎండ, బందరు కాలువ, వారధి, హనుమాన్ జంక్షన్, బీసెంట్ రోడ్డు జనం, పునుగుల బండి. మా ఊరి ఎండని మించిన గుర్తు అమెరికా వాడికి ఎక్కడిది? ఫణి రాశాడు:

ఎండకి నేనంటే భయం, నన్ను చూస్తే గొడుగేసుకుంటది,
బందరు కాలువ నన్నడిగాకే మలుపు తిరుగుద్ది,
జంక్షన్లో బస్సు ఆగేది టైముకి కాదు, నా ఈలకి.

ఇది మామ్మకి వినిపించాం. కాలువ అడుగుద్దా అని తనలో తను అనుకుని నవ్వింది. మా దరువుకి తల ఊపిన మొదటి శ్రోత ఆవిడే.

చుక్క మాత్రం కుదరలేదు. ఫణి మొదట రాసింది, నాకున్న ఒకే లోటు నాకు సాటి లేకపోవడం అని. మామ్మ కొట్టేసింది, చుక్కంటే నల్లగా ఉండాలి, పసుపు రాసి చుక్కంటే దిష్టి నమ్మదంది. నేను అతని లోట్లు వరసగా రాసి ఇచ్చాను: బండి నడపడం రాదు, బల్లి అంటే భయం, ఉల్లిపాయ తినడు, రెండు కాలవల మధ్య పుట్టి ఈత రాదు. జాబితాలో రాయనిది ఒకటుందని నాకూ తెలుసు, అతనికీ తెలుసు. ఈతనే ఖాయం చేశాం. మామ్మ సరేనంది కానీ, ఆ మాట పాడేటప్పుడు మనవడి మొహం చూస్తూ, ఇంకొంచెం నలుపుండాలేమోరా అంది.

వినాయక చవితి పందిట్లో ఆ పాట పాడాం. ఆ వీధి కమిటీకి ప్రెసిడెంటు మాష్టారే. చిన్నపిల్లల డాన్సులు అయ్యాయి, ఆడవాళ్ళ భజన అయింది, పులిహోర పొట్లాలు పంచుతున్నారు. సాంబ్రాణి పొగ, అరటి ఆకులు, తడిసిన మట్టి. ముందు వరసలో మడత కుర్చీలో మాష్టారు, ఆయన పక్కన మామ్మ, పొట్లం విప్పకుండా ఒళ్ళో పెట్టుకుని. ఇమ్రాన్ ఫోనుని సౌండు బాక్సుకి తగిలించాడు. ఆటోనగర్ సుత్తి కంకిపాడు పందిట్లో మోగింది. ఎండ గొడుగేసుకుంటది అనగానే కుర్రాళ్ళు ఈలలు వేశారు. కాలువ అడుగుద్ది అన్నప్పుడు వెనక నిలబడ్డ రైతులు కూడా నవ్వారు. ఆ నెల కాలవ నీళ్ళ కోసం ఎవరు ఎవర్ని అడిగారో వాళ్ళకే తెలుసు. గుర్తు తెలిసినవాడికే కరెంటు పారడం నేను కళ్ళారా చూసింది ఆ సాయంత్రమే.

ఈత లైను వచ్చింది. ఫణి నోరు తెరిచి ఆగిపోయాడు. దరువు నడుస్తోంది. మర్చిపోయాడేమోనని నేను పక్కనుంచి పెదాలతో ఈత, ఈత అన్నాను. అతను నా వైపు చూడలేదు. ముందు వరస చూశాడు.

"నాలుగు పేపర్లు పోయినయ్, నాన్నకి చెప్పే దమ్ము లేదు."

దరువుకి సరిగ్గా సరిపోయింది. కుర్రాళ్ళు అది కూడా పాటే అనుకుని అన్నిటికంటే గట్టిగా అరిచారు. వాళ్ళలో సగం మందికి పేపర్లు పోయే ఉంటాయి. ఫణి మిగతా గొప్పలు కూడా పూర్తిగా పాడాడు. మాష్టారు కదల్లేదు. కళ్ళజోడు తీశారు కానీ తుడుచుకోలేదు, చేతిలో పట్టుకుని కూర్చున్నారు. కార్యక్రమం చివర ప్రెసిడెంటు మాట్లాడాలి కాబట్టి లేచి, పందిరి వేసినవాళ్ళకీ, ప్రసాదం చేసినవాళ్ళకీ, కరెంటు ఇచ్చిన ఎదురింటివాళ్ళకీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పారు. మా పేర్లు చెప్పలేదు.

ఇంటికి వెళ్ళాక ఇమ్రానూ నేనూ జారుకుందామనుకున్నాం, మామ్మ కూర్చోమంది. మాష్టారు కాళ్ళు కడుక్కుని వచ్చి, అరుగు మీద తన చోటులో కూర్చుని, ఏ సబ్జెక్టులని అడిగారు. ఫణి చెప్పాడు. లెక్కలు అన్నప్పుడు ఆయన తల ఒక్కసారి ఊగింది.

"నీ పాట పదహారు లైన్లు కదా. అందులో ఆ ఒక్కటీ నిజం. మిగతావి?"

"అవి పాట కోసం, నాన్నా."

ఆయన ఎదురుగా ఉన్న నందివర్ధనం చెట్టుని చూశారు. పేపరు ముందున్నప్పుడు చూసే చూపే అది. తర్వాత, మార్కులు వేసే గొంతుతో, పదహారుకి ఒకటి అన్నారు. సున్నా కాదులే అని కూడా అన్నారు. మామ్మ పులిహోర పొట్లం విప్పి నలుగురికీ పెట్టింది. కుదర్లేదు, పులుపెక్కువైంది అంది.

ఆ తర్వాత మా రికార్డింగు వేళలు మారాయి. సెలవు రోజు మధ్యాహ్నాలు అరుగు మాష్టారిది, ఫణిది. లెక్కల పేపరు ఆయన చెప్పారు, మిగతా మూడూ ఆయనకి తెలియనివి కాబట్టి ఫణి ఆయనకి చెప్పాడు. అర్థం కాని చోటల్లా ఆయన ఆపి అడిగేవారు, జవాబు చెప్పడానికి వీడు చదవక తప్పేది కాదు. కొడుకు ఫలితాల సంగతి ఎవరైనా అడిగితే, కొన్ని పోయాయండి, కూర్చుని చదువుతున్నాడు అనేవారు. ఆ మాటలో వెనకటి మాటకంటే ఎక్కువ గర్వం వినపడేది నాకు. సప్లిమెంటరీలో నాలుగూ పాసయ్యాడు. ఆ రోజు ఫోను ఆయనే అడిగి తీసుకుని, మార్కులు చూసి, పర్లేదు అన్నారు.

ఇప్పుడు ఫణి మంగళగిరిలో ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేరు పని చేస్తూ శని, ఆదివారాలు వేదికల మీద పాడుతున్నాడు. ఇమ్రాన్ ఆటోనగర్ షెడ్డు పక్కనే చిన్న స్టూడియో పెట్టుకున్నాడు, సుత్తి చప్పుడు లోపలికి రాకుండా తలుపుకి రబ్బరు వేయించి, అదే చప్పుడుని లోపల దరువుగా వాడతాడు. నేను హైదరాబాదులో మైకులు పరీక్షించే ఉద్యోగంలో ఉన్నాను. మా ల్యాబులో నాలుగు గోడలకీ పైకప్పుకీ చప్పుడు పీల్చే ఫోము దిమ్మలు అంటించిన గది ఉంది, అందులో మన గుండె మనకే వినపడుతుంది. బీరువాకంటే వెయ్యి రెట్లు మంచి గది. అయినా కొత్త మైకు పెట్టిన ప్రతిసారీ నాకు కలరా ఉండల వాసన తగిలినట్టుంటుంది. ఇప్పుడు విజయవాడ కుర్రాళ్ళు ఎంతోమంది రాప్ పాడుతున్నారు. మంచూ కోటూ పాడేవాళ్ళు తగ్గారు. తమ కాలువ, తమ కాలేజీ బస్సు, తమ అమ్మ టిఫిన్ బండి పాడుతున్నారు. వాళ్ళకి మాకు పట్టినంత కాలం పట్టలేదు. కొందరు పద్దెంలో ఒక చోట లోటు కూడా చెప్పుకుంటున్నారు. అది ఎవరి దగ్గర నేర్చారో వాళ్ళకి తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు.

పిల్ల లేచింది. ఫణి ఉయ్యాల తాడు లతకిచ్చి, నాన్నా, దీని మీద ఒకటి కట్టాను అన్నాడు. మాష్టారు కళ్ళజోడు పెట్టుకున్నారు. దరువు లేదు. నేను స్టూలు మీద వేళ్ళతో కొట్టాను.

మా అమ్మాయి ఏడ్చిందంటే ఊరికి సైరన్ అక్కర్లేదు,
పళ్ళు లేకుండానే తాత కళ్ళజోడు నమిలేసింది,
బోర్లా పడింది, వెంటనే ఇల్లంతా నాదేనంది…

అలా సాగింది. ఉయ్యాల్లో పడుకునే మామ్మని నిద్ర లేపింది, పాలసీసా విసిరి గురి చూపింది, ఏసీ రిమోటు పొట్ట కింద దాచింది. లత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చివరి లైను, చుక్క, మాష్టారి వైపు తిరిగి చెప్పాడు:

నెత్తి మీద జుట్టు మాత్రం అచ్చం మా నాన్న పోలిక.

మామ్మ మంచం మీద ఊగిపోయింది. మాష్టారి చెయ్యి తన బట్టతల మీదికి వెళ్ళింది, అక్కడే కాసేపు ఉంది. ఆయన, మనవరాలు నమిలిన కళ్ళజోడు తీసి, పంటిగాటు ఉండదు కాబట్టి చిగుళ్ళు ఆనిన తడి మరక చూసి, పంచె అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. పిల్లని చూశారు, చింతగింజలాంటి చుక్కని చూశారు, ఫణిని చూశారు. నేను దరువు కొడుతూనే లైన్లు లెక్కపెట్టుకుంటూ వచ్చాను, పదహారులో ఒక్కటి కూడా అబద్ధం లేదు. మార్కులు ఎన్ని నాన్నా అని ఫణి అడిగాడు.

పదహారుకి పదిహేను.